60 లక్షల బండి 24కే వస్తోందా? రిపేరు లెక్క ముందు వేయండి

కొత్తగా 60 లక్షలు పలికిన బండి ఆరేళ్లకు 24 లక్షలకు దొరుకుతోందంటే ఎవరికైనా చేతులు దురద పెడతాయి. అమ్మేవాళ్లు కూడా అక్కడే పట్టుకుంటారు, "అన్నా, 36 లక్షలు మొదటి ఓనర్ పోగొట్టుకున్నడు, ఇగ నీకు పొయ్యేదేముంది" అని. ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే బండి రేటు పడింది గానీ దాని స్పేర్ పార్టుల రేటు పడలేదు. పార్ట్స్ కౌంటర్‌లో టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టి పవర్ పెంచే పార్టు) అడిగితే మీరు బండి ఎంతకు కొన్నారో ఎవడూ అడగడు, 60 లక్షల బండికి ఎంత బిల్లు వేస్తాడో మీకూ అంతే వేస్తాడు. అంటే 24 లక్షలకు మీరు కొనేది 24 లక్షల బండిని కాదు, 60 లక్షల బండి ఖర్చుల్ని. ఆ ఖర్చు భరించగలిగితే పవర్ కోసం కొనే సెకండ్ హ్యాండ్ పర్ఫార్మెన్స్ కారంత మంచి బేరం ఇంకోటి లేదు, భరించలేకపోతే అంతకంటే పెద్ద టెన్షన్ లేదు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఉండి ఇలాంటి బండి చూస్తున్నవాళ్ల కోసం ఈ లెక్క రాస్తున్నాను. పోలో జీటీ టీఎస్ఐ దగ్గర్నుంచి ఆక్టావియా వీఆర్ఎస్, బీఎండబ్ల్యూ 330ఐ, ఎం340ఐ, మెర్సిడెస్ ఏఎంజీ దాకా దేనికైనా పద్ధతి ఒకటే, అంకెలే మారతాయి.

రేటు ఎంత పడింది, ఇంకా ఎంత పడుతుంది

మొదటి ఓనర్‌కు ఎంత పోయిందన్నది మీకు అనవసరం. మీ చేతిలో ఉన్నన్ని రోజుల్లో ఎంత పోతుందన్నదే మీ లెక్క. దీనికి చేతికి అందే కొలబద్ద ఇన్సూరెన్స్ వాళ్ల ఐడీవీ (బండికి వాళ్లు కట్టే విలువ) పట్టిక: ఆరు నెలల్లోపు 5 శాతం తరుగు, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50. ఐదేళ్లు దాటితే పట్టిక ఉండదు, మీరూ కంపెనీ మాట్లాడుకుని తేల్చుకోవాలి. మారుతి, టొయోటా బండ్లు మార్కెట్‌లో దీనికంటే మెల్లగా పడతాయి, పెద్ద జర్మన్ బండ్లు మాత్రం చాలాసార్లు దీన్ని దాటి పడతాయి, ఎందుకంటే అంత రేటు పెట్టగలిగినవాడు కొత్తదే కొంటాడు, పాతది కొనాలనుకున్నవాడు రిపేరుకు భయపడతాడు. ఆ భయమే మీకు డిస్కౌంట్.

పట్టికతో ఆగిపోకండి. మీకు కావాల్సిన మోడల్‌వి రెండేళ్ల బండి నుంచి పదేళ్ల బండి దాకా ప్రకటనలు ముందేసుకుని సంవత్సరం, కిలోమీటర్లు, రేటు ఒక కాగితం మీద రాయండి. అడిగే రేటు వేరు, తెగే రేటు వేరు కాబట్టి అన్నిట్లోంచీ కొంత తీసేయండి. ఏ వయసులో రేటు దభీమని పడుతోందో, ఎక్కడ నెమ్మదిస్తోందో కళ్ల ముందే కనిపిస్తుంది.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. అంతకుముందు సెస్సుతో కలిపి 48, 50 శాతం దాకా పన్ను పడిన పెద్ద కార్లకు ఇప్పుడు 40 శాతమే. కొత్త బండే దిగివస్తే పాత బండి కూడా దిగాలి కదా. కానీ చాలామంది ఇప్పటికీ పాత ఇన్‌వాయిస్ చూపించి "నేను ఇంతకు కొన్నా" అని బేరం మొదలుపెడతారు. ఆ కాగితం పక్కన పెట్టించి, ఈ రోజు కొత్త బండి ఆన్‌రోడ్ ఎంతో అక్కడి నుంచి మాట్లాడండి.

తక్కువ సంఖ్యలో వచ్చిన బండ్లకు ఈ లెక్క పూర్తిగా నప్పదు. మూడు డోర్ల పోలో జీటీఐ 2016లో మన దేశానికి 99 మాత్రమే కేటాయించారు, ఆక్టావియా ఆర్ఎస్245 2020లో 200 వచ్చాయి. పిచ్చి ఉన్నవాళ్లు వీటి కోసం కాచుకుని ఉంటారు కాబట్టి తరుగు దాదాపు ఆగినట్టే ఉంటుంది, పార్టుల కోసం ఎదురుచూడటం మాత్రం మీ వంతు. పోలో ఇక్కడ 2022లో ఆగిపోయింది, అయినా జీటీ టీఎస్ఐ రేటు గట్టిగానే ఉంది. నా మటుకు నేను క్రేజ్ కోసం అదనంగా పైసలు పెట్టను, అది రేపు నిలుస్తుందో లేదో చెప్పలేం.

మూడు వయసులు, మూడు లెక్కలు

ఈ అంకెలు ఊహకు వేసుకున్నవే, మీ మోడల్ అంకెలు మీరు పెట్టుకోండి. కొత్తగా 60 లక్షల బండి మూడేళ్లకు 38, ఆరేళ్లకు 24, తొమ్మిదేళ్లకు 15, పన్నెండేళ్లకు 10 లక్షలు పలుకుతుందనుకుందాం. మీరు దేన్ని కొన్నా మూడేళ్లు వాడి అమ్మేస్తారు. బండిలో ఇరుక్కున్న డబ్బుకు, అంటే కొన్న రేటు, అమ్మే రేటుల సగటుకు, ఏడాదికి 8 శాతం వడ్డీ కూడా వేద్దాం, లోన్ తీసుకున్నా సొంత డబ్బు పెట్టినా ఈ ఖర్చు ఉంటుంది, మనవాళ్లు చాలామంది మర్చిపోయేది దీన్నే.

మూడేళ్ల బండి: 38కి కొని 24కి అమ్మితే ఏడాదికి సుమారు 4.67 లక్షల తరుగు. సర్వీసు, రిపేర్లు ఓ లక్ష. వడ్డీ 2.48 లక్షలు. మొత్తం ఏడాదికి 8.15 లక్షలు.

ఆరేళ్ల బండి: తరుగు 3 లక్షలు, రిపేర్లు 2 లక్షలు, వడ్డీ 1.56. మొత్తం 6.56.

తొమ్మిదేళ్ల బండి: తరుగు 1.67, రిపేర్లు 3.5, వడ్డీ 1 లక్ష. మొత్తం 6.17.

చివరి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 24 లక్షల బండికీ 15 లక్షల బండికీ ఏడాది ఖర్చులో తేడా 39 వేలు. ఒక్క గేర్‌బాక్స్ బిల్లు వచ్చిందంటే ఆ తేడా తలకిందులవుతుంది. "పాతది కొంటే చవక" అనే మాట ఒక వయసు దాకానే నిజం, ఆ తర్వాత తరుగులో మిగిలిన డబ్బు మెకానిక్ జేబులోకి పోతుంది. పైగా తరుగు చప్పుడు చేయదు, అమ్మేరోజే తెలుస్తుంది. రిపేరు అలా కాదు, మంగళవారం పొద్దున ఫోన్ చేసి రెండు లక్షల ఎనభై వేలు అంటారు, బండి వాళ్ల ర్యాంపు మీద ఉంటుంది, మీరు ఆటోలో ఉంటారు.

అందుకే వరంగల్‌లో ఉండేవాళ్లకు నా సలహా మధ్యదే, ఐదు నుంచి ఏడేళ్ల బండి. తొమ్మిదేళ్లది తీసుకోవాలంటే ఇంట్లో రోజువారీకి ఇంకో బండి ఉండాలి, హైదరాబాద్‌లో నమ్మకమైన మెకానిక్ ఉండాలి, బ్యాంకులో ముట్టుకోని డబ్బు ఉండాలి. ఎంత డబ్బు అంటే, కొన్న రేటులో 15 శాతం గానీ, ఆ మోడల్‌కు వచ్చే అతి పెద్ద ఒక్క రిపేరు బిల్లు గానీ, ఏది ఎక్కువైతే అది. ఉన్నదంతా ఊడ్చి బండి కొని సర్వీసు దగ్గర పిసినారితనం చేయడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

ఏ బిల్లు అయిపోయింది, ఏది రాబోతోంది

అమ్మకందారు కిలోమీటర్లు చూపిస్తాడు. మీరు బిల్లులు చూడండి. 85,000 తిరిగి గేర్‌బాక్స్ ఆయిల్, వాటర్ పంప్, బ్రేకులు, టైర్లు అన్నీ ఈ మధ్యే మార్చిన బండి, 58,000 తిరిగి అవన్నీ మీ కోసం దాచిపెట్టిన బండి కంటే ఎంతో మేలు. ఎందుకో తెలియదు గానీ మన దగ్గర తక్కువ తిరిగిన బండికే ఎక్కువ గిరాకీ. ఏడేళ్లలో 25,000 మాత్రమే తిరిగిందంటే రబ్బర్లు, హోసులు, టైర్లు నిలబడి ముసలివైపోయి ఉంటాయి.

మోడల్ వారీగా కొన్ని తెలుసుకుని వెళ్లండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అని రాసి ఉంటే అది ఏ డీఎస్‌జీ అని అడగండి. పాత పోలో జీటీ టీఎస్ఐ 1.2లో, ఆక్టావియా 1.8 టీఎస్ఐలో ఉండేది డీక్యూ200, ఏడు గేర్లు, డ్రై క్లచ్, అంటే ఆయిల్‌లో మునగనిది. ట్రాఫిక్‌లో, ఎండలో దీని క్లచ్‌లు, మెకాట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) ఇబ్బంది పెడతాయన్నది అందరికీ తెలిసిన విషయమే, మెకాట్రానిక్ మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటడం మామూలు. 2017లో వచ్చిన ఆక్టావియా వీఆర్ఎస్ 230లో ఉన్నది ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ, ఇది గట్టిది, కానీ 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. 2020 తర్వాతి పోలో జీటీ 1.0 టీఎస్ఐలో మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంటుంది, గేర్‌బాక్స్ భయం ఉన్నవాళ్లకు అదే ప్రశాంతం.

వీఆర్ఎస్‌లో ఉన్న 2.0 టీఎస్ఐ ఇంజిన్‌లో వాటర్ పంప్, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ కూలెంట్ కారుస్తుంది. పెద్ద రిపేరు కాదు, చూసుకోకుండా వేడెక్కిస్తే మాత్రం పెద్దదవుతుంది. బీఎండబ్ల్యూలో 2011 నుంచి 2015 మధ్య ఎన్20 ఇంజిన్ ఉన్న పెట్రోల్ బండ్లకు టైమింగ్ చెయిన్ గైడ్ల (ఇంజిన్ లోపలి చెయిన్‌ను పట్టి ఉంచే ముక్కల) సమస్య ఉంది, ఇంజిన్ వైపు నుంచి సన్నని ఈల లాంటి చప్పుడు వస్తే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి. 2021లో 62.9 లక్షల ఎక్స్‌షోరూం ధరతో వచ్చిన ఎం340ఐ ఇంజిన్ బీ58 మంచి పేరున్నదే, ఆరు సిలిండర్లు, 387 హార్స్‌పవర్. అక్కడ ఖర్చు ఇంజిన్‌లో కంటే టైర్లు, బ్రేకుల్లో ఉంటుంది. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైరు ఒక్కోటి 20 వేలు దాటుతుంది, నాలుగూ ఒకేసారి అరిగిపోతే కొత్త స్కూటీ రేటు. ఇంకా జెడ్ఎఫ్ ఎనిమిది గేర్ల బాక్స్‌లో ఆయిల్ జీవితకాలం ఉంటుందని చెప్తారు, దాన్ని తయారుచేసే జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 మధ్య మార్చమంటుంది. నేను తయారుచేసినవాడి మాటే వింటాను. మెర్సిడెస్‌లో ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉంటే బండిని రాత్రంతా నిలిపి పొద్దున ఒక మూల కిందికి దిగిందేమో చూడాలి.

మన ఏరియా లెక్క వేరు

బెంగళూరులో బండి నడిపేవాడి అనుభవం మనకు సగమే పనికొస్తుంది. మే నెలలో వరంగల్, రామగుండం వైపు 44, 45 డిగ్రీలు అంటే జర్మన్ బండ్లలోని ప్లాస్టిక్ కూలెంట్ పైపులు, జాయింట్లు, రబ్బర్లు పెళుసైపోతాయి, బ్యాటరీ ముందే చస్తుంది. గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గు లారీల రోడ్ల మీద, కరీంనగర్ గ్రానైట్ లారీల వెనక తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసినదానికంటే ముందే మార్చాలి. ఊళ్లల్లో స్పీడ్‌బ్రేకర్లకు ఒక కొలతంటూ ఉండదు, కాబట్టి కొనే బండి కింద సంప్ గార్డ్ (ఇంజిన్ కింది రక్షణ రేకు) మీద గీతలు చూడకుండా రాకండి, అలాయ్ వీల్స్ లోపలి అంచు కూడా చేత్తో తడిమి చూడండి, వంగింది వేలికి తెలుస్తుంది.

బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కంపెనీ వర్క్‌షాప్ కావాలంటే హైదరాబాద్ పోవాలి. హన్మకొండ నుంచి 140 కిలోమీటర్ల పైన. ప్రతి చిన్న పనికీ ఒక రోజు, సగం ట్యాంకు పెట్రోలు, జనగామ, భువనగిరి దాటి ఉప్పల్ ట్రాఫిక్‌లో ఓ గంట. బండి కదలకపోతే ఫ్లాట్‌బెడ్. రన్‌ఫ్లాట్ బండ్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు కాబట్టి రాత్రి ఘన్‌పూర్ దగ్గర టైరు సైడ్ చిరిగితే ఆ సైజు టైరు పొద్దున కాజీపేటలో దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఎన్ని కిలోమీటర్ల దాకా మోసుకెళ్తుందో చదువుకోండి, చాలా పాలసీల్లో అది దగ్గరి వర్క్‌షాప్ దాకానే ఉంటుంది. ఈ ప్రయాణాల ఖర్చు ఏడాది రిపేరు అంకెలో కలపండి.

పెట్రోల్ సంగతి. ఫ్యూయల్ మూత తెరిస్తే లోపల స్టిక్కర్ ఉంటుంది, ఎంత ఆక్టేన్ (పెట్రోల్ గ్రేడ్) కావాలో, ఎంత ఇథనాల్ దాకా తట్టుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే మామూలు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్, 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటి లెక్క అది కాదు. 95 ఆక్టేన్ అడిగే బండి అయితే మీ దారిలో ఆ పెట్రోల్ దొరికే బంకు ఉందో లేదో బండి కొనకముందే చూసుకోండి.

ఇక వరద. 2023 జులై చివర్లో హన్మకొండ, వరంగల్ కాలనీల్లో ఇళ్ల ముందున్న బండ్లు నీళ్లలో మునిగాయి, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ అంతే. అలాంటి బండి కడిగి తుడిచి ఎక్కడికో పోయి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద చార కనిపిస్తుంది. సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద తడి వాసన కూడా చూడండి. ఎలక్ట్రానిక్స్ ఇంత ఉన్న బండ్లలో నీళ్ల బాధ రెండేళ్ల తర్వాత కూడా బయటపడుతుంది.

చూడటానికి వెళ్లినరోజు

ముందే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి, ఇంకో రోజు పొద్దున వస్తానని చెప్పి రండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు మొదటి పది సెకన్లలో వచ్చే చెయిన్ చప్పుడు, నీలిపొగ, గేర్ వేసినప్పటి కుదుపు వేడెక్కాక బయటపడవు. డీఎస్‌జీ అయితే ఎత్తుమీద నెమ్మదిగా, ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణుకుతుందా చూడండి. ఖాళీ రోడ్డు మీద వంద దాటించి తొక్కడం కంటే ఇదే ముఖ్యం.

బండిలోని కంప్యూటర్లను (మాడ్యూళ్లను) చదివే స్కానర్ తప్పనిసరి. రెండు వేల రూపాయల బ్లూటూత్ డాంగిల్ కాదు, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాకు వీసీడీఎస్, బీఎండబ్ల్యూకు ఇస్టా లాంటివి ఉన్న మెకానిక్‌ను డబ్బులిచ్చి తీసుకెళ్లండి. అన్ని మాడ్యూళ్లూ చదివిస్తే మీటర్‌లోని కిలోమీటర్లకూ మిగతా చోట్ల నమోదైనవాటికీ పొంతన ఉందో లేదో తేలుతుంది. టైరు మీద చివరి నాలుగంకెలు చూడండి, 2321 అంటే 2021లో 23వ వారం. పాలసీ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) చూడండి. ఆరేళ్లుగా ఒకే ఓనర్ అయితే, క్లెయిమ్ లేకపోతే 50 శాతం ఉండాలి, సున్నా ఉంటే "ఎప్పుడు గుద్దారన్నా" అని నేరుగా అడగండి.

పర్ఫార్మెన్స్ బండ్లకు ప్రత్యేకమైన రోగం రీమ్యాప్. స్టేజ్ 1, స్టేజ్ 2 అని ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచుతారు, అమ్మేముందు మళ్లీ మామూలు ఫైల్ వేసేస్తారు. అరిగిన క్లచ్, అలసిన టర్బో మాత్రం మామూలుకు రావు. ఎగ్జాస్ట్ బోల్టుల మీద పానా గుర్తులు, ఇంటేక్ క్లిప్పులు తీసి పెట్టిన ఆనవాళ్లు వెతకండి. ఇన్సూరెన్స్‌కు చెప్పని మార్పులుంటే క్లెయిమ్‌కు పేచీ పెట్టొచ్చు. రీమ్యాప్ చేశానని ధైర్యంగా చెప్పి బిల్లులు చూపించేవాణ్ని నేను నమ్ముతాను, "స్టాక్ అన్నా, ఏం ముట్టుకోలే" అంటూనే పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ తగిలించుకున్నవాణ్ని నమ్మను.

కాగితాలు, ఇన్సూరెన్స్

ఢిల్లీ నుంచి డీజిల్ బండి బాగా చవకగా వస్తుంది, ఎందుకంటే అక్కడ డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్ల పరిమితి పెట్టారు, 2025లో సుప్రీంకోర్టు దాన్ని కొంత సడలించింది. చవకే, కానీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే కాగితం), ఇక్కడ మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్, బండి రవాణా కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది. మీ బండి వయసుకు, రేటుకు ఎంత పడుతుందో ఆర్టీఏలో కనుక్కుని, ఆ అంకె కలిపాకే బేరమాడండి. ఇక్కడి టీజీ నంబర్ వచ్చేదాకా అది మీ బండి అయినట్టు కాదు. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చెప్పే ఫామ్ 35, బ్యాంకు ఎన్‌వోసీ చేతిలో పడకుండా టోకెన్ మించి ఇవ్వకండి.

రిపేరు లెక్కలో ఇన్సూరెన్స్‌ది పెద్ద పాత్ర. జీరో డెప్ (పార్టుల తరుగు కోసుకోకుండా బిల్లు ఇచ్చే కవర్) చాలా కంపెనీలు ఐదేళ్ల దాకానే ఇస్తాయి, కొన్ని ఏడేళ్ల దాకా. అది లేకపోతే ప్రమాదంలో పగిలిన ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ మీద 50 శాతం మీరే కట్టాలి, ఐదు నుంచి పదేళ్ల బండికి ఇనుప పార్టుల మీద 40 శాతం. ముందు బంపర్, హెడ్‌లైట్లు, రాడార్ సెన్సర్ ఉన్న బండికి సగం బిల్లు అంటే ఏం చిన్నది కాదు. నీళ్లలో ఇంజిన్ పోతే మామూలు పాలసీ చూడదు, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉండాలి. ఓనర్ మారాక 14 రోజుల్లోపు పాలసీ మీ పేరు మీదికి మార్పించండి, అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు కాబట్టి మీ ప్రీమియం అతనికంటే ఎక్కువ పడొచ్చు.

కొన్నాక పెద్ద బిల్లు వస్తే

"15 లక్షల బండికి 3 లక్షల గేర్‌బాక్సా" అని బండి రేటుతో బిల్లును పోల్చడం అలవాటు. ఆ పోలిక దారి తప్పిస్తుంది. ఈ రోజు పాడైన గేర్‌బాక్స్‌తో ఎంతకు పోతుంది, బాగు చేయిస్తే ఎంతకు పోతుంది అని రెండు రేట్లు తెచ్చుకోండి. 9కి, 14కి అన్నారనుకోండి, 3 పెడితే 5 తిరిగొస్తోంది, అమ్మేసే ఆలోచన ఉన్నా ముందు బాగు చేయించండి. పాడైనదానికి 12 ఇస్తామనే వాడు దొరికితే అలాగే ఇచ్చేయండి. ఉంచుకునే ఆలోచన ఉంటే, రాబోయే ఏడాదిలో ఇంకేం రాబోతోందో మెకానిక్‌తో రాయించుకుని, ఆ మొత్తాన్ని ఇంకో బండికి మారితే ఆ ఏడాది పడే తరుగు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులతో పక్కపక్కన పెట్టండి. ఎక్కువసార్లు బాగు చేయించుకోవడమే చవక పడుతుంది, ఆ ఒక్క బిల్లు తప్ప ఇంకేం లేదని స్కాన్ రిపోర్టులో కనిపించినంత వరకు.